తుప్పు పట్టిన చాకు పనికిరానిది కాదు

సంక్రాంతికి ఇల్లు సున్నాలు వేయించేటప్పుడు అటకమీదినుంచో, గాదె వెనకనుంచో ఒక పాత మడత చాకు బయటపడటం పల్లెటూళ్ళలో కొత్త సంగతి కాదు. ఎర్రగా తుప్పు పట్టి, మడత బిగుసుకుపోయి, గోటితో లాగినా తెరుచుకోని ఆ చాకును చూసి చాలామంది చేసే పని ఒక్కటే. పాత ఇనుప సామాను కొనేవాడి తక్కెడలో పడేస్తారు. కిలోల లెక్కన జరిగే ఆ బేరంలో నూరు గ్రాములు కూడా తూగని చాకుకు దక్కే విలువ ఏపాటిదో చెప్పనక్కరలేదు.

అలా పోయేది ఒక్క చాకే అయితే ఇంత రాయవలసిన పని లేదు. చాకుతోపాటు కత్తిపీట పోతున్నది, కొడవలి పోతున్నది, గొడ్డలి పోతున్నది. వాటిని బాగుచేసుకునే తెలివి పోతున్నది. ఆ తెలివిమీద బతికే కమ్మరి, సాన పట్టేవాడు ఊరు వదలి పోతున్నారు. తుప్పు పైకి కనబడే జబ్బు మాత్రమే. అసలు జబ్బు మన అలవాట్లలో ఉన్నది. చాకు బాగుపడటానికి ఒక సాయంత్రం చాలు. అలవాటు బాగుపడటానికి మాత్రం ఇంట్లోవాళ్ళు, బడి, ప్రభుత్వం మూడూ పూనుకోవాలి.

తుప్పు అంటే ఏమిటి?

ఇనుము, తేమ, గాలిలోని ప్రాణవాయువు మూడూ కలిస్తే పుట్టేది తుప్పు. ఈ మూడింటిలో ఏ ఒకటి లేకపోయినా అది పుట్టదు. ఉప్పు తోడైతే మరింత త్వరగా పుడుతుంది. రాగి బిందెకు పట్టే చిలుము లోపలి రాగిని కొంతవరకు కాపాడుతుంది. ఇనుము తుప్పుకు ఆ గుణం లేదు. అది గుల్లగా ఉండి తేమను పీల్చుకుంటుంది. పొరలుగా లేచిపోయి లోపలి ఇనుమును మళ్ళీ గాలికి అప్పగిస్తుంది. పైగా తుప్పు తాను తిన్న ఇనుముకంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. మడత చాకు కీలు బిగుసుకుపోవడానికి కారణం ఇదే. కీలు విరిగిపోలేదు, తుప్పు ఉబ్బి నొక్కేసింది.

ఇప్పుడు బజారులో దొరికే తెల్లని చాకులకు తుప్పు పట్టదు కదా, పాతవాటికే ఎందుకు పడుతుంది అని కొందరు అడుగుతుంటారు. స్టెయిన్‌లెస్ స్టీలులో నూటికి పదిన్నర పాళ్ళకు తగ్గకుండా క్రోమియం కలుపుతారు. అది గాలి తగలగానే కంటికి కనిపించని పలుచని పొర కట్టి లోహాన్ని కాపాడుతుంది. పాత చాకుల అలుగులు మాత్రం ఎక్కువగా బొగ్గుపాలు గల ఉక్కుతో చేసినవి. తడి తగిలితే తుప్పు పట్టడం ఆ ఉక్కుకున్న లోపం. మామూలు రాయిమీద నూరినా సన్నని పదును ఎక్కడం దానికున్న గొప్ప. చవక రకం తెల్ల చాకును ఎంత నూరినా నాలుగు రోజులకు మొద్దుబారుతుంది. పాత ఉక్కును పారేసి చవక రకం తెల్ల రేకు కొనుక్కోవడం లాభసాటి బేరం కాదు.

ఉక్కు సంగతి తెలుగువారికి ఒకరు చెప్పవలసినది కాదు. నిజామాబాద్ జిల్లా కమ్మర్‌పల్లి మండలంలోని కోనసముద్రం ఒకప్పుడు మట్టి మూసల్లో ఉక్కు కరిగించిన ఊరు. అక్కడి ఉక్కు కోసం పర్షియా వర్తకులు వచ్చేవారు. అక్కడ ఉక్కు చేసే విధానాన్ని వాయిసీ అనే ఆంగ్లేయుడు కళ్ళారా చూసి రాసిన వివరం 1832లో అచ్చయింది. ప్రపంచం మెచ్చిన ఆ ఉక్కును ఇంగ్లీషువారు 'వూట్జ్' అన్నారు. మన దక్షిణాది భాషల్లోని ఉక్కు అనే మాటే అలా మారిందని చాలామంది పండితుల అభిప్రాయం. అంతటి పేరు పొందిన గడ్డమీద చాకుకు పట్టిన తుప్పు వదిలించడం తెలియక తక్కెడలో వేయడం విచారకరం.

తుప్పు ఎక్కడినుంచి వస్తున్నది?

గోదావరి జిల్లాల్లో ఇనుముకు శత్రువులు ఎక్కువ. ఏడాదిలో నాలుగైదు నెలలు గాలి తడిగా ఉంటుంది. సముద్రం దగ్గరి గ్రామాల్లో ఆ తడికి ఉప్పు తోడవుతుంది. 1986 ఆగస్టులోనూ, 2022 జూలైలోనూ వచ్చినటువంటి వరదలు లంక గ్రామాల ఇళ్ళలోకి చేరితే ఇనుప సామానంతా రోజుల తరబడి బురదనీటిలో నానుతుంది. నీరు తీసిన తరువాత బట్టలు, ధాన్యం ఎండబెట్టుకుంటారు. కొడవళ్ళు, కత్తులు ఎవరికీ గుర్తుకు రావు. గుర్తుకు వచ్చేసరికి అవి ఎర్రబడి ఉంటాయి.

ఇవి ప్రకృతి చేసేవి. మనం చేతులారా చేసుకునేవి వేరే ఉన్నాయి. మామిడికాయ, నిమ్మకాయ కోసిన చాకును కడగకుండా మడిచి పెడతారు. పులుపు రాత్రికి రాత్రే అలుగుమీద నల్లని మచ్చలు వేస్తుంది. కడిగినవారు కూడా ఆరకముందే మడుస్తారు. అలుగు బయట ఆరినా పిడి లోపల తడి మిగిలిపోతుంది. తోలు ఒరలో పెడితే భద్రమని మరికొందరి నమ్మకం. తోలు తేమను పట్టి ఉంచుతుంది కనుక నెలల తరబడి అందులో ఉన్న కత్తి భద్రంగా ఉండదు.

రైతులు గమనించవలసిన ముఖ్యమైన విషయం మరొకటి ఉంది. చాలా ఇళ్ళలో కొడవళ్ళు, పారలు, చాకులు ఎరువుల బస్తాల పక్కనే పడేసి ఉంటాయి. పొటాష్, అమ్మోనియం సల్ఫేట్ వంటి ఎరువులు ఒక రకం ఉప్పులే. గాలిలోని తడిని పీల్చి చెమ్మగిల్లి, పక్కనున్న ఇనుమును తినేస్తాయి. ఎరువును ఒక మూల, పనిముట్లను మరొక మూల పెట్టుకుంటే పైసా ఖర్చు లేకుండా సగం తుప్పు తగ్గుతుంది.

మూడు తప్పుడు వైద్యాలు

తుప్పు వదిలించాలని కూర్చున్నవారు కూడా తెలియక చాకును చంపేస్తున్నారు. అందుకు మూడు దారులున్నాయి.

మొదటిది నిప్పు. పొయ్యిలో పెట్టి కాలిస్తే తుప్పు రాలిపోతుందని కొందరు చేస్తుంటారు. తుప్పు రాలేమాట ఎలా ఉన్నా ఉక్కులోని పదును పోతుంది. కమ్మరి ఉక్కును ఎర్రగా కాల్చి, చల్లార్చి గట్టిపరుస్తాడు. గట్టిపడిన ఉక్కు గాజులా పెళుసుగా ఉంటుంది కనుక మళ్ళీ సన్నని సెగ చూపి ఎండుగడ్డి రంగు రాగానే ఆపుతాడు. ఆ రంగు సుమారు 220, 230 డిగ్రీల వేడికి వస్తుంది. 300 డిగ్రీల దగ్గర ఉక్కు నీలం రంగు తిరుగుతుంది. అప్పటికే చాకుకు కావలసిన గట్టిదనం కొంత పోయినట్టు. ఎర్రగా కాల్చి అలాగే వదిలేస్తే అది మెత్తని ఇనుప ముక్కతో సమానం. ఎంత నూరినా పదును నిలవదు.

రెండవది యాసిడ్. మరుగుదొడ్డి కడిగే యాసిడ్‌లో చాకును ముంచితే తుప్పు క్షణాల్లో పోతుంది. ఆ వెంటనే మంచి ఉక్కును కూడా అది తినడం మొదలుపెడుతుంది. గట్టి ఉక్కును పెళుసుబారేలా చేస్తుంది. ఆ ఆవిరి ఇంట్లోని మిగతా ఇనుప వస్తువులకు తుప్పు పట్టిస్తుంది, కళ్ళకు, ఊపిరితిత్తులకు చెరుపు చేస్తుంది. చాకు కోసం కళ్ళు పోగొట్టుకోవడం తెలివైన పని కాదు.

మూడవది కరెంటు సాన. వెల్డింగు దుకాణంలో తిరిగే చక్రానికి ఆనిస్తే నిప్పురవ్వలు చిమ్ముతూ నిమిషంలో అలుగు తళతళలాడుతుంది. చూడటానికి ముచ్చటే. కాని నీటిలో ముంచకుండా చక్రానికి అదిమి పడితే పలుచని అంచు రెప్పపాటులో నీలం తిరుగుతుంది. నిప్పులో కాల్చినదానికీ దీనికీ తేడా లేదు. పైగా ఏళ్ళ తరబడి రావలసిన ఉక్కు ఆ ఒక్క నిమిషంలో అరిగిపోతుంది. చక్రంమీద పట్టించక తప్పనప్పుడు ఒక మగ్గు నీళ్ళు పక్కన పెట్టి, రెండు మూడు క్షణాలకు ఒకసారి ముంచి తీయమని అడగాలి. చేతితో పట్టుకుంటే అలుగు చురుక్కుమనకూడదు. అదే లెక్క.

సరైన పద్ధతి

మా ఇంట్లో మా తాతగారు తమలపాకు ఈనెలు తీయడానికి, వక్క చెక్కడానికి వాడిన కొమ్ము పిడి చాకు ఒకటి ఉంది. చాలా ఏళ్ళు రేకుపెట్టెలో పడి ఉండి పూర్తిగా బిగుసుకుపోయింది. దాన్ని బాగుచేసిన క్రమమే ఇక్కడ చెబుతున్నాను. ఏ మడత చాకుకైనా ఇదే వర్తిస్తుంది.

ముందు కీలు సంగతి చూడాలి. పట్టకారు పెట్టి గుంజకూడదు. గుంజితే స్ప్రింగు విరుగుతుంది, లేదా గోటి గాడి దగ్గర అలుగు చిట్లుతుంది. కీలు దగ్గర, స్ప్రింగు సందులో కిరోసిను చుక్కలు వేసి ఒక రాత్రి ఉంచాలి. ఒకప్పుడు ఇంటింటా ఉండే కిరోసిను ఇప్పుడు దొరకడం కష్టమైంది. డీజిలు అయినా ఫరవాలేదు. దీపాలకు, పొయ్యికి దూరంగా పెట్టాలన్నది మరచిపోరాదు. మరునాడు గుడ్డతో పట్టుకుని కొద్ది కొద్దిగా కదపాలి. రానిపక్షంలో మళ్ళీ చుక్కలు వేసి మరో రోజు ఆగాలి. మా చాకు మూడో రోజున కదిలింది. తెరుచుకోగానే ముడుస్తూ తెరుస్తూ ఉంటే ఎర్రని నూనె కారుతుంది. అది తుడిచి, మళ్ళీ చుక్క వేస్తూ, నూనె తేటగా వచ్చేవరకు చేయాలి. పాత చాకులకు తాళం ఉండదు. అలుగు ఒక్కసారిగా వేళ్ళమీదికి మడిచుకోవచ్చు కనుక వేళ్ళు దారిలో పెట్టకూడదు.

తరువాత అలుగు. పైపైన లేచిన తుప్పును ఇత్తడి బ్రష్‌తోనో, గిన్నెలు తోమే ఇనుప పీచుతోనో కిరోసిను తడిపి రుద్దితే చాలావరకు పోతుంది. పొడి తుప్పు దుమ్ము ముక్కులోకి పోకుండా తడిమీదే రుద్దడం మంచిది. ఆపైన మిగిలినదానికి రంగులు వేసేవారు వాడే వాటర్ పేపరు సరిపోతుంది. 400 నంబరుతో మొదలుపెట్టి 600, 1000 నంబర్లకు పోవాలి. నంబరు పెరిగేకొద్దీ కాగితం నున్నన అవుతుంది. రుద్దేటప్పుడు అలుగు వెన్ను నుంచి అంచు వైపుకు, ఒకే దిక్కుగా రుద్దాలి. పేపరును చిన్న చెక్కముక్కకు చుట్టి పట్టుకుంటే వేళ్ళు భద్రంగా ఉంటాయి.

అప్పటికీ వదలని గట్టి తుప్పుకు చింతపండు ఉంది. ఇత్తడి బిందెలు తోమే చింతపండే. అందులోని పులుపు తుప్పును మెల్లగా కరిగిస్తుంది. చింతపండు గుజ్జుగాని, వెనిగరులో తడిపిన గుడ్డగాని అలుగుకు మాత్రమే చుట్టి ఒక గంట ఉంచి చూడాలి. కొమ్ము పిడి, కొయ్య పిడి ఉన్న చాకును పూర్తిగా ముంచితే పిడి ఉబ్బి చిట్లుతుంది. రాత్రంతా వదిలేయడం కూడా తప్పే. తుప్పు అయిపోగానే పులుపు ఉక్కుమీద పడుతుంది. గంట తరువాత విప్పి, రుద్ది, అవసరమైతే మళ్ళీ చుట్టాలి. పని అయ్యాక వంటసోడా కలిపిన నీటితో కడిగితే మిగిలిన పులుపు విరుగుతుంది.

కడిగిన వెంటనే తుడిచి, ఎండలో పెట్టి, వేడిగా ఉండగానే నూనె రాయాలి. శుభ్రమైన ఉక్కుకు ఆకలి ఎక్కువ. కడిగి కాఫీ తాగి వచ్చేసరికి మళ్ళీ ఎర్రని పొర కడుతుంది. పళ్ళు, కూరలు కోసే చాకు అయితే అలుగుకు కొబ్బరినూనె రాయవచ్చు. కీలుకు మాత్రం కుట్టు మిషను నూనె ఒక చుక్క వేయాలి. వేరుశనగ నూనె వంటివి కొన్నాళ్ళకు జిగురుగా మారి కీలును మళ్ళీ పట్టేస్తాయి.

ఇంత చేసినా కొన్ని గుంటలు, నల్లని మచ్చలు మిగులుతాయి. అవి పోయేదాకా అరగదీయాలని పట్టు పట్టకూడదు. ఎర్రని తుప్పు తింటుంది గాని నల్లగా, గట్టిగా అంటుకుని ఉన్న పొర అలుగును కొంత కాపాడుతుంది. అలుగు మొదట్లో చేసినవారి ముద్ర, పేరు ఏదైనా ఉంటే దాని జోలికి పోరాదు. తళతళలాడటం ముఖ్యం కాదు, తెగడం ముఖ్యం.

పదును పెట్టడం

తుప్పు వదిలిన చాకుకు పదును పెట్టకపోతే పని సగంలో ఆపినట్టే. నున్నని సానరాయిని నీటిలో తడిపి, అలుగును కొద్దిగా వాల్చి, అంచు ముందుకు పోయేలా నూరాలి. ఎంత వాల్చాలన్నదే చాలామందికి తెలియదు. దానికి ఒక తేలిక ఉపాయం ఉంది. కాగితం మూలను ఒకసారి సగానికి మడిస్తే 45 డిగ్రీలు, మళ్ళీ సగానికి మడిస్తే ఇరవై రెండున్నర డిగ్రీలు వస్తాయి. ఆ రెండో మడతను రాయిమీద నిలబెట్టి, దాని వాలుకు అలుగును ఆనించి చూసుకుంటే చాలు. అటు పది, ఇటు పది సార్లు అదే వాలున నూరాలి. వాలు మాటిమాటికి మారితే అంచు గుండ్రబడి మొద్దుబారుతుంది.

ఒక వైపు నూరుతుంటే రెండో వైపు అంచున గోరుకు తగిలే సన్నని గరుకు లేస్తుంది. అది అంచు పొడవునా లేచిందంటే నూరింది చాలునన్నమాట. రెండో వైపు నూరి, చివరకు పాత తోలు బెల్టుమీద అంచు వెనక్కి పోయేలా పది సార్లు సాగదీస్తే ఆ గరుకు రాలిపోతుంది. పదును చూడటానికి వేలు పెట్టకూడదు. వార్తాపత్రిక కాగితం పట్టుకుని కోస్తే చిరగకుండా తెగాలి. అదే పరీక్ష. కత్తిపీటకు, కూరగాయల కత్తికి కూడా ఇదే పద్ధతి.

మొద్దు కత్తి ప్రమాదం లేనిదని ఇళ్ళలో ఒక అపోహ ఉంది. నిజం అందుకు విరుద్ధం. పదునున్న కత్తి తేలికగా తెగుతుంది కనుక చెయ్యి అదుపులో ఉంటుంది. మొద్దు కత్తిని బలమంతా పెట్టి నొక్కవలసి వస్తుంది. అది జారినప్పుడు ఆ బలమంతా వేలిమీద పడుతుంది.

నర్సరీలకు చాకే పెట్టుబడి

చాకు పదును చిన్న విషయమని అనుకునేవారు ఒకసారి కడియం, కడియపులంక నర్సరీలకు వెళ్ళి చూడాలి. అక్కడ అంటుకట్టే పనివాడి జేబులో ఉండేది మడత చాకే. వేరు మొక్క కాండానికి చేసిన కోత, మీద కట్టే పుల్లకు చేసిన కోత రెండూ నున్నగా ఉండి, బెరడు కిందనున్న పచ్చని పలుచని పొరలు ఒకదానికొకటి ఆనుకుంటేనే అంటు అతుకుతుంది. తుప్పు గుంటలు పడి రంపంలా తయారైన అంచు ఆ పొరను కోయదు, నలిపేస్తుంది. నలిగిన చోట అంటు ఎండిపోతుంది. అంటు పోతే పోయేది పుల్ల ఒక్కటే కాదు. వేరు మొక్కను పెంచిన నెలలు, పనివాడి కూలి కలిసి పోతాయి.

అంటుకట్టే చాకులు చాలావరకు ఒక వైపే వాలుగా ఉంటాయి. రెండో వైపు బల్లపరుపుగా ఉంటుంది. దీన్ని మామూలు చాకులా రెండు వైపులా నూరితే కోత నిటారుగా పోదు. వాలు వైపే నూరి, బల్లపరుపు వైపును రాయిమీద పడుకోబెట్టి ఒకటి రెండు సార్లు లాగి గరుకు తీసేయాలి.

నిమ్మ, నారింజ, బత్తాయి జాతుల్లో మరో చిక్కు ఉంది. కొన్ని తెగుళ్ళు కత్తి అంచుమీద ఎక్కి ఒక చెట్టునుంచి మరో చెట్టుకు పోతాయి. స్పిరిట్‌తో తుడిస్తే చచ్చేవి కొన్ని, స్పిరిట్‌కు లొంగనివి కొన్ని. లొంగనివాటికి బ్లీచింగ్ ద్రావణం వాడక తప్పదు. ఆ బ్లీచింగే ఉక్కుకు తుప్పు పట్టిస్తుంది. అందువల్ల రోజు పని ముగిశాక చాకును మంచినీటితో కడిగి, తుడిచి, నూనె రాసి పెట్టుకోవడం అంటుకట్టేవారికి ముచ్చట కోసం చేసే పని కాదు, వృత్తి ధర్మం.

తుప్పు, ధనుర్వాతం

తుప్పు పట్టిన ఇనుము గీసుకుంటే ధనుర్వాతం వస్తుందని అందరికీ తెలుసు. ఇందులో సగమే నిజం. ధనుర్వాతం తెచ్చేది తుప్పు కాదు. మట్టిలోను, పశువుల పేడలోను ఉండే క్రిమి. తుప్పు గుంటల్లో మట్టి పట్టి ఉంటుంది, అటువంటి కత్తి గుచ్చుకున్న గాయం లోతుగా ఉంటుంది, గాలి ఆడని లోతు గాయంలో ఆ క్రిమి పెరుగుతుంది. అంటే తళతళలాడే కొత్త కొడవలి అయినా పేడ అంటుకుని ఉంటే ప్రమాదమే. గాయమైతే సబ్బు నీటితో బాగా కడిగి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి పోవాలి. పూర్వపు టిటి ఇంజెక్షను స్థానంలో ఇప్పుడు టిడి టీకా వేస్తున్నారు. పిల్లలకు 10వ ఏట, 16వ ఏట ఇది తప్పక వేయించాలి. పొలం పనులు చేసే పెద్దలు పదేళ్ళకు ఒకసారి వేయించుకోవడం మంచిది.

కొత్తది కొనుక్కోరాదా?

ఇంత శ్రమ ఎందుకు, నలభై యాభై రూపాయలు పెడితే కొత్త చాకు వస్తుంది కదా అనేవారున్నారు. పట్నంలో ఉద్యోగం చేసుకునేవారికి ఆ మాట చెల్లవచ్చు. అందులో నిజం లేకపోలేదు కూడా. అలుగు సగానికి అరిగిపోయిన చాకును, కీలు దగ్గర పగిలిన చాకును బాగుచేయడంలో అర్థం లేదు. వాటిని ఇనుప సామానుకే వేయాలి.

కాని మంచి ఉక్కు అలుగున్న చాకును పారేసి కొన్న చవక చాకు ఏడాదికి రెండు సార్లు మారుతుంది. కూలి పనికి పోయేవారి కొడవలి విషయంలో ఈ లెక్క ఇంకా బరువైనది. మొద్దు కొడవలితో కోసే మనిషి ప్రతి గుప్పెడుకూ రెండు సార్లు లాగాలి. సాయంత్రానికి మణికట్టు వాస్తుంది, పక్క మనిషికంటే కోత తగ్గుతుంది. గుత్తకు కోసేవారికి కోత తగ్గడమంటే కూలి తగ్గడమే. పదును పెట్టడం తెలియకపోవడంవల్ల నష్టపోయేది అందరికంటే ముందు పేదవారే. కోత మిషన్లు వచ్చిన మాట నిజమే. అవి దిగని లంక పొలాలు, ఒరిగిపోయిన చేలు, పశువుల గడ్డి, కూరగాయల తోటలు ఇంకా చేతికత్తినే నమ్ముకుని ఉన్నాయి.

కమ్మరిని, సాన పట్టేవాడిని నిలబెట్టాలి

ఇంట్లో చేసుకోలేని పనులు కొన్ని ఉన్నాయి. వదులైన కీలుకు రివిట్టు బిగించడం, విరిగిన మొన సరిచేయడం, పదును చచ్చిన అలుగుకు మళ్ళీ ప్రాణం పోయడం కొలిమి దగ్గరే జరగాలి. తిత్తి, దాగలి, సమ్మెట ఉన్న కమ్మరి కొట్టం ఊరికొకటి ఉండే రోజులు పోయాయి. ఉన్నవారి పిల్లలు వెల్డింగు పనికో, పట్నంలో వాచ్‌మన్ ఉద్యోగానికో పోతున్నారు. సైకిలుకు చక్రం బిగించుకుని వీధి వీధికీ కేక వేస్తూ వచ్చే సాన పట్టేవారు అరుదైపోయారు.

కేంద్ర ప్రభుత్వం 2023 సెప్టెంబర్ 17న పి.ఎం. విశ్వకర్మ పథకం ప్రారంభించింది. 18 చేతివృత్తులకు వర్తించే ఈ పథకంలో శిక్షణ రోజుల్లో రోజుకు 500 రూపాయల భత్యం, పనిముట్లకు 15,000 రూపాయలు, 5 శాతం వడ్డీకి రెండు విడతలుగా 3 లక్షల రూపాయల వరకు రుణం ఉన్నాయి. కమ్మరి ఆ జాబితాలో ఉన్నాడు. తాళాలు బాగుచేసేవాడు ఉన్నాడు. సాన పట్టేవాడి పేరు మాత్రం లేదు. సైకిలు చక్రంమీద బతికే ఆ మనిషికి ఒక మంచి సానరాయి, నీటితో తిరిగే చక్రం కొనుక్కునే సాయం ఎవరు చేస్తారు? ఆ జాబితాలో అతనికి చోటు కల్పించడం న్యాయం.

బడి సంగతి కూడా చెప్పుకోవాలి. 1977లో ఈశ్వర్‌భాయ్ పటేల్ కమిటీ బడుల్లో సమాజానికి ఉపయోగపడే ఉత్పాదక పని నేర్పాలని సిఫారసు చేసింది. 2020 జాతీయ విద్యా విధానం 6 నుంచి 8 తరగతుల పిల్లలు పది రోజులు పుస్తకాల సంచి లేకుండా స్థానిక వృత్తి నిపుణుల దగ్గర పని నేర్చుకోవాలని చెప్పింది. నేర్పవలసిన పనుల్లో లోహపు పని పేరు కూడా రాసింది. కాగితంమీద ఉన్నదాన్ని అమలు చేయడానికి కొత్త భవనం అక్కరలేదు. ఊరి కమ్మరిని ఆ పది రోజుల్లో రెండు రోజులు బడికి పిలిచి, తగిన గౌరవ వేతనం ఇచ్చి, ఉపాధ్యాయుల ఎదుట పిల్లలకు తుప్పు వదిలించడం, సాన పట్టడం చూపిస్తే చాలు. రసాయన శాస్త్రంలో తుప్పు పాఠం బట్టీ పట్టే పిల్లవాడికి తన ఇంటి కత్తిపీట తుప్పు వదిలించడం రాకపోతే ఆ చదువు దేనికి?

వరదలు వచ్చే మండలాల్లో మరొక చిన్న ఏర్పాటు అవసరం. నీరు తీసిన వారంలోపు పంచాయతీ తరఫున ఒక కమ్మరిని, ఒక సాన పట్టేవాడిని పిలిపించి ఇంటింటి కొడవళ్ళు, కత్తులు బాగుచేయిస్తే మొత్తం ఊరికి అయ్యే ఖర్చు స్వల్పం. బియ్యం, పప్పు ఇచ్చే సహాయంతోపాటు మనిషి మళ్ళీ పనిలోకి దిగడానికి కావలసిన పనిముట్టు గురించి కూడా అధికారులు ఆలోచించాలి.

ప్రభుత్వం చేసేవరకు ఇంటివారు ఊరుకోనక్కరలేదు. ఈసారి అటక దులిపినప్పుడు తుప్పు పట్టిన చాకు కనిపిస్తే తక్కెడలో వేయకముందు నాలుగు చుక్కల నూనె వేసి ఒక రాత్రి ఆగి చూడండి. కీలు కదిలిందంటే మిగతా పని ఒక సాయంత్రంలో అయిపోతుంది. ఆ పని చేసేటప్పుడు ఇంట్లో చిన్నవాళ్ళను పక్కన కూర్చోబెట్టుకోవడం మరింత మంచిది. వాడిన ప్రతిసారీ కడిగి, ఆరబెట్టి, నూనె రాసి మడవడం వాళ్ళకు అలవాటైతే ఆ చాకు మరో తరానికి పనికి వస్తుంది.